రాత్రి షాట్లలో నల్ల చారలు: కెమెరా పాడవలేదు, షట్టర్ మార్చు

తమ్ముడూ, అంతర్వేది తీర్థంలో రాత్రి తీసిన వీడియోలో నల్ల చారలు పాకుతున్నాయి, కెమెరా పోయిందా అన్నావు కదా, దానికేం కాలేదు, కంగారుపడకు. నువ్వు సెకనుకి 60 ఫ్రేముల్లో షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) 1/60 సెకను పెట్టావు, మన కరెంటేమో 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లూ చౌకరకం ఎల్ఈడీలూ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి, ఆ లెక్కకి నీ షట్టర్ కుదరలేదు అంతే. ఈసారి 25 ఫ్రేములు, 1/50 పెట్టు, స్లో మోషన్‌కి 50 ఫ్రేములు, 1/100. మెనూలో ఈ నంబర్లు కనపడకపోతే వీడియో సిస్టమ్‌ని ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ కరెంటుకి సరిపోయేది) నుంచి పాల్‌కి (50 హెర్ట్జ్‌కి సరిపోయేది) మార్చు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సినిమా లుక్ కోసం 24లోనే తీస్తానంటే షట్టర్ యాంగిల్ (షట్టర్ సమయాన్నే డిగ్రీల్లో చెప్పే లెక్క) 172.8 డిగ్రీలు, అది సరిగ్గా 1/50 అవుద్ది.

జనరేటర్ లైట్ల దగ్గర మాత్రం ఫ్రీక్వెన్సీ అటూఇటూ అవుద్ది, అక్కడ ముందు పది సెకన్లు తీసి, జూమ్ చేసి చూసుకున్నాకే అసలు షాట్ మొదలెట్టు.