అరవైల చివరి పాటల లిస్టుకి థీమ్ ఏది బావుంటుంది? మా రాయగడ అనుభవం

1966 నుంచి 1969 దాకా వచ్చిన సినిమా పాటల్లోంచి పది ఏరి లిస్టు చేయాలి, వాన, విరహం లాంటి థీమ్ పెట్టుకోవాలా, గాయకుడి పేరు మీద చేయాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు, పాట రాసిన కవి పేరు మీద చేయండి. రెండేళ్లుగా ఇదే పని మీద ఉన్నాం కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

మాది ఒడిశాలోని రాయగడ. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో నలుగురం చేరతాం: నేను, మావయ్య, పిన్ని, పక్కింటి ఒడియా పెద్దాయన. ఆయన్ని అందరం భాయినా అనే పిలుస్తాం. వారానికో థీమ్, మనిషికి పది పాటలు. మావయ్యకి రేడియో అంటే ప్రాణం. పగలు సరిగ్గా అందని మీడియం వేవ్ స్టేషన్లు చీకటి పడ్డాక తేటగా వచ్చేవట, విజయవాడ పట్టుకోవడానికి సెట్టుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవారట.

మేం మొదట పెట్టుకున్నది వాన. తీరా చూస్తే తెలుగు లిస్టులు మూడింట్లో సగం పాటలు అవే, అన్నిటికీ ఒకటే ఊపు. తర్వాత ఘంటసాల గారి విషాద గీతాలు పెట్టాం. అంత గొప్ప గొంతు కూడా, అదే భావంతో వరసగా వింటుంటే మనసు బరువెక్కిపోయింది, పిన్ని నాలుగో పాటకే లేచి దీపం పెట్టడానికి వెళ్లిపోయింది.

ఆ పై వారం మావయ్య దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పాటలు తెచ్చారు. 1968లో వచ్చిన ఉండమ్మా బొట్టు పెడతాలో బాలు పాడిన ‘రావమ్మా మహాలక్ష్మి’, మహదేవన్ గారి సంగీతం. వెంటనే 1969 నాటి బంగారు పంజరం నుంచి జానకి గారి ‘పగలైతే దొరవేరా’, రాజేశ్వరరావు గారి బాణీ. (ఆయన ఇంటిపేరే సాలూరు, మాకు పార్వతీపురం దాటాక వచ్చే ఊరు, అందుకని ఆయన పేరు రాగానే మా ఇంట్లో అందరం మావాడే అన్నట్టు సర్దుకుని కూర్చుంటాం.) ఆ తర్వాత అదే ఏడాది వచ్చిన ఏకవీరలోని ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’, ఘంటసాల గారూ బాలూ కలిసి పాడింది. 1966 డిసెంబరులో కోదండపాణి గారి దగ్గర మొదటి సినిమా పాట పాడిన కుర్రాడు మూడేళ్లు తిరిగేసరికి ఘంటసాల గారి పక్కన నిలబడి పాడుతున్నాడు! ఈ పాటలు విడివిడిగా ఎన్నిసార్లు విన్నా నాకిది తట్టలేదు. రాసింది ఒక్కరే కావడంతో, మారుతున్న గొంతుల మీదకి చెవి దానంతటదే వెళ్లింది.

భాయినా హిందీ సినీకవి ఆనంద్ బక్షీ పాటలు తెచ్చినప్పుడూ ఇదే జరిగింది. 1969 నాటి ఆరాధనలో పాటలన్నీ బక్షీవే, సంగీతం ఎస్.డి. బర్మన్, కానీ ఒకే సినిమాలో రఫీ ఉన్నాడు, కిశోర్ కుమారూ ఉన్నాడు. హిందీలో కిశోర్ గాలి బలంగా వీచడం మొదలైంది అక్కడే. ఒడియా గాయకుడు అక్షయ మహంతి దగ్గర మాత్రం మా పద్ధతి పనిచేయలేదు. ఆయన తానే రాసి, తానే బాణీ కట్టి పాడే మనిషి, కవి పేరు మీద చేసినా గాయకుడి పేరు మీద చేసినా వచ్చేవి ఆ పాటలే.

ఒక జాగ్రత్త. ఒక యాప్‌లో పాత సినిమా బొమ్మ పెట్టి, ఈమధ్య వేరేవాళ్లు మళ్లీ పాడినదాన్ని అసలు పాటలా ఉంచారు. నేను చూసుకోకుండా లిస్టులో వేసేశాను, పల్లవి సగం కాకుండానే మావయ్య ఆపేయమన్నారు. ఏడాది కూడా చాలాచోట్ల తప్పే ఉంటుంది, కాబట్టి ఒక్కచోట చూసి నమ్మొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, రేడియోలో చెప్పినట్టు ప్రతి పాటకీ ముందు చిత్రం, రచన, సంగీతం, గానం చదవండి. యాప్‌లో పాట మీద పాట వచ్చి పడుతుంటే ఎవరు రాశారో పట్టించుకునే తీరికే ఉండదు. మా ఇంట్లో ఆ చదివే పని మావయ్యదే.

వచ్చే ఆదివారం దాశరథి గారి పాటలు. 1968లో వచ్చిన రాములోని ‘రారా కృష్ణయ్యా’తో మొదలుపెడదామని పిన్ని ఇప్పటికే చెప్పేసింది.