కర్రతో బడి కట్టబోయే మేనకోడలికి

చి. సౌ. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

సోంపేట దగ్గర బడికి నువ్వు గీసిన బొమ్మలు చూశాను. సిమెంటు తగ్గించి కర్ర వాడాలన్న ఆలోచన మంచిదే. ఎండిన కర్ర బరువులో సగం దాకా చెట్టు గాల్లోంచి తీసుకున్న కర్బనమే. కానీ అమ్మా, కర్ర నిలిచి ఉన్నంతకాలమే అది అందులో ఉండేది. చెదలు తిన్నా, నాని కుళ్లినా మళ్లీ గాల్లోకే. పాతికేళ్లకే ఊడదీసి కట్టాల్సొస్తే నీ లెక్కంతా తలకిందులు. అందుకని ముందు పునాది సంగతి చూడు.

రాతి అరుగు రెండడుగులైనా లేపు. స్తంభం అడుగు అరుగుకి ఆనకుండా, తుప్పు పట్టని ఇనప బూటు మీద నిలబెట్టు. కింద చేతివేళ్లు దూరేంత సందు ఉండాలి. చెదలు నేలలోంచి పైకి రావాలంటే మట్టి దారి కట్టుకోవాలి. ఆ దారి కంటబడితే సగం పనైపోయినట్టే. అందం కోసం స్తంభం అడుగుని పలకలతో మూసేస్తే లోపలేం జరుగుతోందో హెడ్మాస్టరుకేం తెలుస్తుంది?

ఇక గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన ఉద్దానాన్ని ఏం చేసిందో నీకు చెప్పక్కర్లేదు. కట్టడాల మీద గాలి లెక్కకున్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరంలో బడికి గాలి వేగాన్ని 1.30తో హెచ్చించాలి. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనక, అది దాదాపు 1.7 రెట్లు. కర్ర కప్పు తేలిక కనక కుంగడం కంటే లేచిపోవడమే దానికి గండం. వానకేమో చూరు పొడుగ్గా కావాలి, గాలికేమో పొట్టిగా ఉండాలి. వరండా కప్పు విడిగా కట్టేస్తే తగువు తీరిపోతుంది. పోతే అదొక్కటే పోతుంది, పిల్లలు కూర్చునే గది కప్పుని లాక్కుపోదు.

"కర్ర బడా, అంటుకోదా?" అని ఊరంతా అడుగుతారు. లావు దూలానికి పైన పట్టిన బొగ్గే లోపలి కర్రని కాస్తుంది. పైన్ లాంటి మెత్త కర్ర నిమిషానికి 0.65 మిల్లీమీటర్లు కాలుతుందని లెక్క, అరగంటకి 20. ఆ మందం అదనంగా వెయ్యి. దూలాల అతుకుల్లో ప్లేట్లు, బోల్టులు కర్ర లోపలే దాచు, వేడికి ముందు మెత్తబడేవి అవే.

గోడలన్నీ సీఎల్‌టీ పలకలే (అడ్డం, నిలువు పొరలుగా అతికించిన కర్ర పలకలు) అక్కర్లేదు, ఫ్లైయాష్ ఇటుక చాలు. సరుగుడు తోటలు పక్కనే ఉన్నాయి కదాని దూలాలకి ఆశపడకు, ఆరేటప్పుడు మెలి తిరిగి చీలుతుంది. కర్ర బిగించే పని సంక్రాంతి తర్వాత మొదలెట్టి, వానలకి ముందే కప్పు మూసెయ్.

ఈసారి రంగు బొమ్మలొద్దు, అతుకుల డ్రాయింగులు పంపు.

మీ మావయ్య