వెర్బల్ స్కోరు 84 వస్తే పిల్లాడికి తెలివి తక్కువని అర్థమా?

కాదు. మీ అబ్బాయికి ఐక్యూ టెస్టులో ఫ్లూయిడ్ రీజనింగ్‌లో (బొమ్మల్లో వరస పట్టుకుని కొత్త చిక్కు విప్పడం) 112, వెర్బల్ కాంప్రహెన్షన్‌లో (మాటల్లో ఆలోచించి చెప్పడం) 84 వచ్చాయని రాశారు. ఇంత తేడా ఉన్నప్పుడు అన్నీ కలిపి తీసిన ఐక్యూ అంకెని నేనైతే పక్కన పెట్టేస్తాను. పిల్లలకు ఈ టెస్టులు పెట్టడమే నా పని.

ఆమధ్య ఒక పదేళ్ళ పాప వచ్చింది. గళ్ళలో బొమ్మలుండి ఒక గడి ఖాళీగా ఉంటుందే, ఆ మాట్రిక్స్ ప్రశ్నల్లో నేను పేజీ తిప్పీ తిప్పగానే సరైన బొమ్మ మీద వేలు పెట్టేసేది. తర్వాత వెర్బల్‌లో వచ్చే పోలికలు చెప్పే భాగం. అసలు ప్రశ్నలు బయటపెట్టకూడదు కాబట్టి అలాంటిదే ఒకటి చెప్తాను: గడియారానికీ స్కేలుకీ పోలికేంటి? ‘రెండిటి మీదా అంకెలుంటాయి’ అంటే ఒక మార్కు. ‘రెండూ కొలిచేవే’ అంటే రెండు. పాప జవాబులన్నీ మొదటి రకమే. కొన్నిటికి నోరు తెరిచి, నా మొహం చూసి, మళ్ళీ మూసేసుకుంది. టెస్టు బడి భాషలో జరుగుతోంది, ఇంట్లో వాళ్ళు మాట్లాడేది వేరే భాష.

అంతా అయ్యాక, మార్కులతో సంబంధం లేకుండా, అవే ప్రశ్నలు ఇంటి భాషలో అడిగాను. కుర్చీ అంచుకి జరిగి, ‘ఇది ఎంతసేపైందో చెప్తుంది, అది ఎంత పొడుగుందో చెప్తుంది’ అంది. కావలసిన ఆలోచన అదే కదా! అయినా స్కోరు మార్చే వీల్లేదు, రూలు ప్రకారం మొదటి జవాబే లెక్క. రిపోర్టులో విడిగా ఒక పేరా రాశాను. వాళ్ళ నాన్నగారు మొదటి పేజీలో అంకె చూసి ఫైలు మూసేశారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్ష తయారుచేసింది చదువులో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి, పిల్లల నుదుట నంబరు రాయడానికి కాదు. ఇక ఫోన్లో పది నిమిషాల్లో ఐక్యూ చెప్పేసే టెస్టులైతే మరీ అన్యాయం. పిల్లాడు భయపడ్డాడో, మాట కోసం తడుముకున్నాడో వాటికేం తెలుస్తుంది?

సగటు 100. ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు 85కీ 115కీ మధ్యే ఉంటారు. మీ రిపోర్టులో 84 పక్కనే ఒక రేంజి, అంటే అసలు స్కోరు ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో, అది కూడా వేసి ఉంటారు, చూడండి. టెస్టు పెట్టినవాళ్ళని మళ్ళీ కలిసి, ఏ భాషలో పెట్టారు, మార్కులు పోలికల్లో పోయాయా, పదాల అర్థాల్లో పోయాయా అని అడగండి. మాటలు సరిగ్గా వినపడకపోయినా ఈ మార్కులు తగ్గొచ్చు, కాబట్టి వినికిడి పరీక్ష ఇంతవరకూ చేయించకపోతే అదీ చేయించండి.