2027 తర్వాత యూరప్ రైతుల రాయితీ: కౌలు లెక్క చూస్తేనే అర్థమవుతుంది

2027 తర్వాత యూరోపియన్ యూనియన్ రైతులకిచ్చే సొమ్ము తగ్గుతుందా, హెక్టార్ల లెక్కన ఇవ్వడం ఆపేస్తారా అని మీరు అడిగారు. సొమ్ము కొంత తగ్గవచ్చు గానీ హెక్టార్ల లెక్క అంత తేలికగా పోదని నేననుకుంటున్నాను. జర్మనీలో వ్యవసాయ అర్థశాస్త్రం చదివే రోజుల్లో లోయర్ సాక్సనీలో ఒక పాడి రైతు ఇంట్లో ఐదు నెలలు ఉండి పనిచేశాను. ఈ అభిప్రాయం తరగతి గదిలో కన్నా ఎక్కువగా అక్కడే ఏర్పడింది.

ఆ రైతుది 80 హెక్టార్ల సాగు, అంటే దాదాపు 200 ఎకరాలు. అందులో 45 హెక్టార్లు కౌలుభూమే. రాయితీ దరఖాస్తుకు ఏటా మే 15 గడువు. సాయంత్రం పాలు పితకడం ముగిశాక ఆయనా, ఆయన భార్యా వంటగది బల్ల మీద కంప్యూటర్ తెరిచి, విమానం నుంచి తీసిన ఫోటోల మీద ఒక్కో చేను హద్దు గీసేవారు. గట్టు మీది పొదల నీడ చేలో పడడంతో పొద ఎక్కడ ఆగిందో, పంట ఎక్కడ మొదలైందో తేలక, ఒక రాత్రి అదే గీతను మూడుసార్లు చెరిపి మళ్లీ గీశారు. కాలువ వెంట 3 మీటర్ల మేర పురుగుమందు కొట్టకూడదు, ఎరువు వేయకూడదు. పైనుంచి ఉపగ్రహం చూస్తూ ఉంటుంది కనుక, తేడా కనిపిస్తే ఫోనుతో ఫోటో తీసి పంపమని అడుగుతారు. 2024 ఆరంభంలో ట్రాక్టర్లు బెర్లిన్, బ్రసెల్స్ వీధుల్లో నిలిచినప్పుడు, డీజిల్ పన్ను రాయితీ వంటి కారణాలతో పాటు ఈ కాగితాల విసుగు కూడా ఆ కోపంలో కలిసి ఉందని నాకు వెంటనే తోచింది.

ఇంతా చేస్తే వచ్చేదెంత? జర్మనీలో హెక్టారుకు మూల చెల్లింపు సుమారు 150 యూరోలు. మొదటి 40 హెక్టార్లకు ఇంకో 70, ఆ తర్వాతి 20 హెక్టార్లకు 40 యూరోల చొప్పున అదనంగా వస్తుంది. అన్నీ కలిపితే ఆయనకు ఏడాదికి 15,600 యూరోలకు అటూ ఇటూ. ఆయన కట్టే కౌలు హెక్టారుకు 600 యూరోల చొప్పున 27,000. పక్క ఊళ్లో బయోగ్యాస్ ప్లాంటు కోసం మొక్కజొన్న వేసే రైతు అంతకన్నా ఎక్కువ ఇస్తానని భూయజమానికి ముందే చెప్పి ఉంచాడు. హెక్టారుకు ఇంత వస్తుందని భూయజమానికీ తెలుసు కాబట్టి, రైతు పేరున వచ్చిన సొమ్ములో కొంత మరుసటి ఒప్పందంలో కౌలుగా మారి ఆ యజమాని చేతికే చేరుతుంది.

ఈ చిక్కు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1962లో ఈ రాయితీలకు మూలమైన యూరప్ ఉమ్మడి వ్యవసాయ విధానం అమలుకు వచ్చినప్పుడు సాయం మద్దతు ధర రూపంలో ఉండేది. వెన్న, ధాన్యం గుట్టలు పేరుకుపోయాక 1992లో ధరలు తగ్గించి నేరుగా చెల్లింపులు మొదలుపెట్టారు, 2003 సంస్కరణతో వాటిని ఉత్పత్తి నుంచి విడదీశారు, అంటే ఏం పండించారు, ఎంత పండించారు అన్నదానితో సంబంధం లేకుండా ఇవ్వసాగారు. అధిక ఉత్పత్తి సమస్య తగ్గింది, కానీ సొమ్ము భూమికి అతుక్కుపోయింది. ఆ తర్వాతి సంస్కరణలు ఎక్కువగా పర్యావరణ షరతులను చేర్చడం, రైతులు తిరగబడితే కొన్నింటిని సడలించడంతోనే సరిపోయాయి.

ఇక మీరు అడిగిన భవిష్యత్తు సంగతి. 2028–34 బడ్జెట్‌కు సంబంధించి, యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ 2025 జులైలో ఇచ్చిన ప్రతిపాదనలో, వ్యవసాయ నిధిని ప్రాంతీయాభివృద్ధి నిధులతో కలిపి ఒకే జాతీయ ప్రణాళిక కిందికి తెచ్చి, రైతుల ఆదాయ మద్దతుకు దాదాపు 300 బిలియన్ యూరోలు విడిగా కేటాయించారు. 2021–27కి ఉమ్మడి వ్యవసాయ విధానానికి మొత్తం సుమారు 387 బిలియన్లు ఉండేవి. ఒక్కో రైతుకు ఏటా వచ్చే సొమ్ములో 20,000 యూరోలు దాటిన మొత్తంపై అంచెలంచెలుగా కోత, 100,000 దగ్గర పరిమితి కూడా ఆ ప్రతిపాదనలో ఉన్నాయి. వినడానికి బాగానే ఉంది గానీ, ఇదే 100,000 పరిమితిని 2018లోనూ ప్రతిపాదించారు, సభ్య దేశాలు దాన్ని ఐచ్ఛికంగా మార్చేశాయి. ఈసారీ యూరోపియన్ పార్లమెంటు, సభ్య దేశాల మండలి రెండూ ఒప్పుకోవాలి, బడ్జెట్‌కైతే 27 దేశాల ఏకగ్రీవం కావాలి. పరిమితి నిలిచినా అది తగిలేది తూర్పు జర్మనీలోని వేల హెక్టార్ల క్షేత్రాల వంటి వాటికే. నేనున్న ఇంటివారికి 20,000 కూడా రాదు కనుక వారి లెక్కలో ఏమీ మారదు.

తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా ఎకరాల లెక్కే కాబట్టి మన పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. అయితే అక్కడ సొమ్ము పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవారికి వెళ్లింది, కౌలు రైతుకు రాలేదు. జర్మనీలో సాగుచేసేవారికే ఇస్తారు కనుక మెరుగే, కానీ కౌలు పెరిగే దారి మూసుకోలేదు. రాయితీని హెక్టార్లకు కాక మనుషుల శ్రమకు ముడిపెట్టాలని నేను థీసిస్‌లో వాదించాను. పనిగంటలు ఎవరు లెక్కపెడతారని మా ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నకు మాత్రం సరైన జవాబు ఇవ్వలేకపోయాను.

ఆ రైతు కౌలు ఒప్పందం 2028లో ముగుస్తుంది. కొత్త నియమాలు తేలేదాకా సంతకం పెట్టనని ఆయన, తొమ్మిదేళ్లకు ఇప్పుడే పెట్టమని యజమాని. మొన్న ఫోనులో మాట్లాడినప్పటికి ఆ కాగితం ఇంకా వంటగది సొరుగులోనే ఉంది.