గడియారం చిప్ ఐ2సీలో కనిపిస్తోంది, లినక్స్ మాత్రం తీసుకోవడం లేదు: డివైస్ ట్రీలో ఎక్కడ చూడాలి?

మీరు అడిగింది ఇది: డీఎస్3231 గడియారం చిప్‌ని ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న బోర్డుకి ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల లైన్) మీద కలిపారు, ఆ లైన్ మీద ఏయే అడ్రసుల్లో చిప్‌లు పలుకుతున్నాయో చూపే ఐ2సీ-డిటెక్ట్ కమాండ్ కొడితే 68 అని కనిపిస్తోంది, అయినా లినక్స్‌లో గడియారం రావడం లేదు. చిప్ పోయిందా అని. పోలేదండి. 68 కనిపించిందంటే చిప్ బతికే ఉంది, వైరింగ్ కూడా బాగానే ఉంది. మళ్ళీ సోల్డరింగ్ చేయకండి. ఇలాంటప్పుడు లోపం దాదాపుగా డివైస్ ట్రీలోనే, అంటే బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో లినక్స్‌కి చెప్పే ఫైల్‌లోనే ఉంటుంది.

ఇదే చిప్‌తో నేను భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు రోజులు అవస్థ పడ్డాను. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో రాసుకునే చిన్న బాక్సు పెట్టాం. ఒకసారి రాత్రి పదింటికే లీటరుకు 3 మిల్లీగ్రాములకు పడిపోయినట్టు చూపించింది. బాబాయి ఒప్పుకోలేదు. "పదింటికి నేను గట్టు మీదే ఉన్నానురా, ఒక్క రొయ్య కూడా పైకి తేలలేదు. పడిపోయేది తెల్లారగట్ల కదా" అన్నాడు. ఆయన మాటే నిజం. పగలు ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా చెరువు దాన్ని వాడుకుంటుంది, తెల్లవారుజాముకి అడుగంటుతుంది. ఆ రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లకు జనరేటర్ వేశారు కానీ బాక్సు ఆ లైన్ మీద లేదు. కరెంటు నాలుగింటికి వచ్చింది. బోర్డుకి సొంత గడియారం లేదు కాబట్టి ఆగిన చోటే, పదింటి నుంచే, మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. అందుకే ఈ చిప్ కొన్నాను.

యూఎస్‌బీ పరికరం పెట్టగానే తానెవరో తానే చెబుతుంది. ఐ2సీ చిప్ చెప్పదు. 68లో ఎవరో పలికారని మాత్రమే కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ లాంటి భాగానికి) తెలుస్తుంది. ఎంపీయూ6050 మోషన్ సెన్సర్ అడ్రసు కూడా 68 కదా, ఇది ఏదని ఊహించాలి? కాలువ మీద తూములు చూసుకునే లస్కరు కొత్తగా చేరాడనుకోండి. తూము తన పేరు చెప్పదు, అది ఏ చేలకి నీళ్ళిస్తుందో ఎవరో రాసి ఇవ్వాలి. ఉత్త "5వ తూము" అన్నా చాలదు. అత్తిలి కాలువ మీదా, నరసాపురం కాలువ మీదా అన్నది తేలాలి. డివైస్ ట్రీ అచ్చంగా అలాంటి రాత. ప్రాసెసర్ కింద ఐ2సీ కంట్రోలర్, దాని కింద చిప్. ఇలా ఒక్కోదాని గురించి రాసే భాగాన్ని నోడ్ అంటారు. చిప్ నోడ్‌లో "రెగ్" దగ్గర రాసే 68కి (హెక్స్ అంకె, 0x68) అర్థం పైనున్న నోడ్‌ని బట్టే వస్తుంది. ఐ2సీ కింద అది బస్ అడ్రసు. అదే ప్రాసెసర్ కిందనే నేరుగా ఉండే కంట్రోలర్‌కైతే "రెగ్"లో మెమరీ అడ్రసూ, దాని సైజూ రాయాలి.

ఈ పద్ధతి ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే బూట్ ప్రోగ్రాం పద్ధతి నుంచి వచ్చింది, సన్ కంపెనీ మెషీన్లలో, ఆపిల్ పవర్‌పీసీ కంప్యూటర్లలో ఉండేది. ఆర్మ్ బోర్డులకు అప్పట్లో ఒక్కోదానికి ఒక్కో సీ ఫైల్ కెర్నల్‌లోనే రాసేవారు. 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ గందరగోళం మీద గట్టిగా మాట్లాడాకే ఆర్మ్ లినక్స్ ఇటు వేగంగా మళ్ళింది.

నా బాక్సులో మూడు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మొదటిది, ఐ2సీ కంట్రోలర్ నోడ్‌లో "స్టేటస్" డిసేబుల్డ్‌గా ఉంది. దాన్ని ఓకే చేస్తేనే ఐ2సీ-డిటెక్ట్ పలికింది, మీరు ఇది దాటేశారు. రెండోది, ఏ చిప్ అన్నది చెప్పే "కంపాటిబుల్" లైనులో డీఎస్3231 బదులు డీఎస్3213 అని కొట్టాను. కెర్నల్ ఎర్రర్ ఏమీ ఇవ్వలేదు. ఆ పేరుకి సరిపోయే డ్రైవర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రాం) లేదు కాబట్టి మాట్లాడకుండా వదిలేసింది. ఈ మౌనమే కొత్తవాళ్ళని ఏడిపిస్తుంది. మూడోదానికి మూడు రోజులు పోయాయి: పేరు సరిచేసి కంపైల్ చేశాను, కంపైల్ అయ్యాక వచ్చిన కొత్త డీటీబీ ఫైల్‌ని బూట్ పార్టిషన్‌లోకి కాపీ చేయలేదు. కెర్నల్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ ప్రతిసారీ పాతదాన్నే కెర్నల్ చేతికిచ్చింది.

కాబట్టి మీరు రాసిన ఫైల్‌ని చూస్తూ కూర్చోకండి, కెర్నల్ చేతికి చేరినదాన్ని చూడండి. నడుస్తున్న బోర్డులోనే "ప్రాక్" కింద "డివైస్-ట్రీ" ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో నోడ్‌కి ఒక ఫోల్డర్, ఒక్కో లక్షణానికి ఒక ఫైల్. మీ చిప్ నోడ్ అక్కడ లేకపోతే పాత డీటీబీతోనే బూట్ అవుతున్నారు. ఉంటే "కంపాటిబుల్" ఫైల్ తెరిచి అక్షరం అక్షరం చదవండి. అదీ సరిగ్గా ఉంటే కెర్నల్‌లో ఆర్టీసీ-డీఎస్1307 డ్రైవర్ (ఆర్టీసీ అంటే రియల్ టైమ్ క్లాక్, గడియారం చిప్) ఉందో లేదో చూడండి, డీఎస్3231ని నడిపేది కూడా అదే. అన్నీ కుదిరాక ఐ2సీ-డిటెక్ట్‌లో 68 ఉన్న చోట "యూయూ" కనిపిస్తుంది, డ్రైవర్ చిప్‌ని పట్టుకుందన్నమాట.

మీది రాస్ప్‌బెర్రీ పై అయితే ఇంత అక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఐ2సీ-ఆర్టీసీ ఓవర్లే (డివైస్ ట్రీకి పైనుంచి కలిపే అదనపు ముక్క) లైను డీఎస్3231 పేరుతో కలిపితే చాలు.

ఇంకోమాట. చవగ్గా దొరికే కొన్ని డీఎస్3231 మాడ్యూళ్ళలో బ్యాటరీని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 బిళ్ళ పెట్టకండి, అది చార్జ్ చేసే రకం కాదు. చార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 పెట్టండి, లేదా ఆ సర్క్యూట్‌లో ఉన్న రెసిస్టర్ తీసేయండి.

మీ బోర్డు పేరు, కెర్నల్ వెర్షన్, ఆ "కంపాటిబుల్" ఫైల్‌లో కనిపించింది ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.