పేరు ఎక్కడ పోతుంది, ఎలా వస్తుంది?

ప్రశ్న: మన ఎంపికలను బట్టి కథ మారే కంప్యూటర్ ఆటలు ఆడుతుంటాను. ఒక ఊళ్లో దొంగతనం చేసి, తర్వాత నాలుగు మంచి పనులు చేస్తే పోయిన పేరు తిరిగి వచ్చేస్తుంది. ఇది నమ్మేలా ఉందంటారా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: నమ్మేలా లేదు. 1998 నాటి బాల్డర్స్ గేట్ అనే ఆటలో గుడికి డబ్బిస్తే చాలు, పేరు పెరుగుతుంది. 2008లో వచ్చిన ఫాల్అవుట్ 3లో ఎవరూ చూడకుండా దొంగిలించినా 'కర్మ' తగ్గుతుంది. అది పాపపుణ్యాల లెక్క. చూసినవాళ్లూ చెప్పుకునేవాళ్లూ లేకుండా పేరెలా పోతుంది?

2010 నాటి ఫాల్అవుట్: న్యూ వేగస్ ఈ విషయంలో నాకెంతో ఇష్టం. అందులో ఒక్కో ఊరికి, ఒక్కో వర్గానికి వేరే లెక్క. మంచిపేరూ చెడ్డపేరూ విడివిడిగా పోగవుతాయి, ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018)లో నేరం చూసిన మనిషి పరుగెత్తి వెళ్లి చెబుతాడు. దారిలోనే ఆపగలిగితే ఆ కబురు అక్కడితో ఆగిపోతుంది. ఇదీ బాగుంది.

కానీ నోళ్లలో పడ్డ మాట ఎలా పెరుగుతుందో నేను ఆడిన ఏ ఆటా చూపించలేదు. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. నాన్నగారికి చిల్లర కొట్టు ఉండేది. ఒకరోజు త్రాసు పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటుకుని ఉంది. పెసరపప్పు కోసం వచ్చిన ఒకావిడ దాన్ని గోటితో గీకి తీసి, నాన్నగారికి చూపించి, పప్పు తీసుకోకుండానే వెళ్లిపోయింది. సాయంత్రానికి బావి దగ్గర ఆ చింతపండు కాస్తా రాయి అయింది. వారం తిరిగేసరికి మా కొట్లో తూకపురాళ్లు రెండు జతలున్నాయట! అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల వేరే వరుసలోకి మారిపోయింది. తండ్రి మీద పడ్డ మాట బిడ్డకు అంటుకోవడం కూడా ఆటల్లో నాకు కనిపించలేదు.

నాన్నగారు ఎవరితోనూ వాదించలేదు. త్రాసును వీధి వైపు వేలాడదీసి, ప్రతి తూకానికి ముందు ఖాళీ పళ్లేలు తిప్పి చూపించేవారు. ఆవిడ మళ్లీ మా గడప తొక్కడానికి రెండు వేసవులు పట్టింది. అప్పుడు కూడా పళ్లెం అడుగు చేత్తో తడిమి చూసుకున్నాకే పప్పు పోయించుకుంది.