నాలుగు రోజులు వెళ్తానంటే ఇంట్లో గొడవ

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆరేళ్ల క్రితం ఉద్యోగం మానేసి ఒక సేవాసంస్థలో పూర్తికాలం వాలంటీర్‌గా చేరాను. ఒంటరిగా ఉండే వృద్ధులకు ఆసుపత్రి పనుల్లో, మందుల విషయంలో తోడుంటాం. నెలకు కొద్దిపాటి భృతి వస్తుంది. నాలాంటి పూర్తికాలం వాలంటీర్ల కోసం వచ్చే నెల నాలుగు రోజుల సదస్సు ఉంది. వెళ్తానంటే మావారు, ‘ఇంట్లో ఉన్నప్పుడే నువ్వు మాకు దొరకవు, ఇంక ఆ నాలుగు రోజులు కూడానా?’ అన్నారు. తొమ్మిదేళ్ల పాప అలిగింది. ఈ మధ్య ఫోన్ మోగితేనే విసుగొస్తోంది. ఒక పెద్దాయన మందుల చీటీ గురించి మూడోసారి అడిగితే కసిరేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది ఎవరికీ చెప్పలేదు. వెళ్లాలా, మానాలా?

జవాబు: వెళ్లండమ్మా. కానీ టికెట్ తీసుకునే ముందు ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది.

మీవారు అన్న మాట మళ్లీ ఒకసారి చదవండి. అందులో సదస్సు మీద కోపం లేదు. ‘దొరకవు’ అన్నారు. భోజనం దగ్గర కూర్చున్నా మీ చెవి ఫోన్ మీదే ఉంటుందన్న బాధ అది. మంచి పనిలో ఉన్నవాళ్ల ఇళ్లలో నేను తరచుగా చూసేది ఏమిటంటే, భర్త అయినా భార్య అయినా ఫిర్యాదు చెయ్యడానికి కూడా జంకుతారు. ‘ముసలివాళ్లకు సాయం చేస్తుంటే అడ్డుపడతావా’ అంటారేమోనని నోరు మూసుకుంటారు. మీ ఆయన ఇంకా నోరు తెరిచి అడుగుతున్నారు. అది మీ అదృష్టం. దయచేసి ‘నేను సేవ చేస్తున్నాను కదా’ అని బదులివ్వకండి.

ఇక మీ సంగతి. కసరడం, ఫోనంటే విసుగు, తర్వాత ఏడుపు... మీరు చెడ్డవారైపోయారని దీనికి అర్థం కాదు. ఈ స్థితికి ‘బర్న్‌అవుట్’ అనే పేరును 1974లో వాడుకలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు. ఆయన దాన్ని గమనించింది పెద్ద జీతాల ఉద్యోగుల్లో కాదు. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో సేవ చేసే వాలంటీర్లలో, తనలో కూడా! తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ స్థితిలో మూడు లక్షణాలు చెప్పారు: మనసు అలసిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కాకుండా ఒక పనిలా అనిపించడం, ఎంత చేసినా ఏమీ చెయ్యలేదనిపించడం. మూడోసారి అడిగిన ఆ పెద్దాయన మీకు ఆ క్షణంలో ఒక పనిలా కనిపించారు. దాన్ని మీరు గుర్తించి బాధపడ్డారు కాబట్టే నేను ధైర్యంగా ఉన్నాను. ఉత్తరం చదివి నేనేమీ రోగం తేల్చలేను. విశ్రాంతి తీసుకున్నాక కూడా ఇది తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా డాక్టర్‌ను కలవండి.

మీరు సదస్సుకు వెళ్లాలనుకుంటున్నది ఇందుకేనని నాకనిపిస్తోంది. ఈ పనిలో ఉండే అలసట తెలిసినవాళ్ల మధ్య నాలుగు రోజులు గడపాలని. కానీ మీవారికి చెప్పింది ‘సదస్సు ఉంది’ అని మాత్రమే. ఆయనకది ఇంకాస్త పని నెత్తికెత్తుకోవడంలా వినిపించింది. నాకు రాసిన చివరి నాలుగు మాటలు ఆయనకు చెప్పండి. పాప నిద్రపోయాక, ఫోన్ పక్క గదిలో పెట్టి. మీరు ఉద్యోగం మానేశాక ఇంటి ఖర్చు చాలావరకు ఆయన జీతం మీదే నడుస్తూ ఉండొచ్చు. అలాగైతే ఆ మాట కూడా మీ నోటితోనే రావాలి. ప్రయాణం, బస ఖర్చు ఎవరు పెట్టుకుంటారో నిర్వాహకులను ముందే అడిగి, ఆ లెక్క ఆయన ముందు పెట్టండి.

రాత్రి ఫలానా వేళ తర్వాత ఫోన్ తీయకుండా ఉండే ఏర్పాటు ఈ వారమే మొదలుపెట్టండి. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ వృద్ధులకు ఇంకో వాలంటీర్ నంబర్ ఇవ్వండి. సదస్సు నుంచి వచ్చాక చేస్తానంటే మీవారు నమ్మరు, నేనూ నమ్మను.

పాపకు బొమ్మలు తెస్తానని ఆశపెట్టకండి. ఏ రోజు వెళ్తారో, ఏ రోజు వస్తారో క్యాలెండర్‌లో తన చేతే గీయించండి. రోజూ ఏ వేళకు మాట్లాడతారో చెప్పండి. మీరు కచ్చితంగా ఖాళీగా ఉండే వేళే చెప్పండి.

అక్కడ ప్రతి సెషన్‌లోనూ కూర్చోవాలని టెన్షన్ పడొద్దు. టీ విరామంలో పదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లను పట్టుకుని అడగండి: వారానికి ఎన్ని రోజులు సెలవు తీసుకుంటారు, మీరు లేనప్పుడు మీ పని ఎవరు చూస్తారు, విసుగొచ్చినప్పుడు ఏం చేస్తారు? ఆ జవాబులు రాసుకుని వచ్చి మీ సంస్థ పెద్దలతో మాట్లాడండి. ఆరేళ్లుగా సరైన సెలవు లేకుండా పనిచేయిస్తుంటే అది సంస్థ చేస్తున్న పొరపాటు. ఎవరైనా కొత్త బాధ్యత అప్పగించబోతే, ‘ఇంట్లో మాట్లాడి చెప్తాను’ అనండి. వచ్చిన మర్నాడు మాత్రం ఇల్లు కదలొద్దు.

అన్నీ విన్నాక కూడా మీవారు ఆ నాలుగు రోజులు నిజంగానే కష్టమంటే, రెండు రోజులకే వెళ్లి రండి. అందులో ఓడిపోవడమేమీ లేదు.

ఆ పెద్దాయన సంగతి మరిచిపోలేదు. ప్రయాణానికి ముందు ఒకసారి వెళ్లి, ‘ఆ రోజు కసిరాను, తప్పైంది’ అని చెప్పండి. మందుల చీటీ నాలుగోసారి చదివి వినిపించి, పొద్దున ఏవి, రాత్రి ఏవి అన్నది పెద్ద అక్షరాలతో రాసి ఆయన మంచం పక్క గోడకు అంటించి రండి.